అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోని ముక్కలు: ఫార్మాట్ కొట్టకుండా తీసే పద్ధతి

మీరు చెప్పినవాటిని ముందు ఒకచోట పెడతాను. గుంటూరు బ్రాడీపేటలో మీ ఇంట్లో విండోస్ 11 డెస్క్‌టాప్ ఉంది. నాన్నగారి మిర్చి కమీషన్ లెక్కలన్నీ దాంట్లోనే. పాత టాలీ ఈఆర్‌పీ 9 తీసేసి టాలీప్రైమ్ వేశారు. గడువు తీరిన యాంటీవైరస్, పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అను స్క్రిప్ట్ మేనేజర్, ఒక వీపీఎన్ కూడా తీసేశారు. యాంటీవైరస్ తీస్తుండగా మధ్యలో కరెంటు పోయింది. అప్పట్నుంచీ సిస్టమ్ ఆన్ చేయగానే ‘రన్‌డీఎల్‌ఎల్’ అనే ఎర్రర్ బాక్స్ వస్తోంది. స్టార్టప్ లిస్టులో బొమ్మ లేకుండా ఉత్త ‘ప్రోగ్రామ్’ అన్న పేరొకటి కనబడుతోంది. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆన్ కావడం లేదు. ఒక షాపువాళ్లు ఫార్మాట్ కొట్టాలన్నారు, తెలిసినవాళ్లు రిజిస్ట్రీ క్లీనర్ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో పనికిరానివి ఏరేస్తామనే సాఫ్ట్‌వేర్) వేయమన్నారు.

ఈ రెండిట్లో ఏదీ అవసరం లేదండి. మీ సిస్టమ్‌లో మిగిలిన ముక్కలు రెండు రకాలు. కొన్ని ఇంకా నడుస్తున్నాయి, లేదా ఆన్ చేసిన ప్రతిసారీ నడవబోయి విఫలమవుతున్నాయి. సర్వీసులు (తెర వెనక నడిచే ప్రోగ్రాములు), డ్రైవర్లు (పరికరాలతోనూ విండోస్ లోపలి భాగాలతోనూ కలిసి పనిచేసేవి), స్టార్టప్ ఎంట్రీలు, షెడ్యూల్డ్ టాస్కులు ఈ రకం. మిగతావి ఊరికే పడున్నవి: ఫోల్డర్లు, సెట్టింగుల ఫైళ్లు, రిజిస్ట్రీలో రాతలు. మీకు కనబడే ఇబ్బందులన్నీ మొదటి రకం వల్లే వస్తున్నాయి. రెండో రకం కాస్త డిస్కు తినడం తప్ప ఏమీ చేయదు, పైగా మీకు కావలసిన డేటా కూడా వాటిలోనే కలిసి ఉంటుంది. అందుకని ముందు నడిచేవాటి పని పట్టాలి. పడున్నవాటిని తీరిగ్గా, చూసి చూసి తీయాలి. రిజిస్ట్రీ క్లీనర్ చేసేది దీనికి సరిగ్గా తలకిందులు.

అసలు ముక్కలెందుకు మిగులుతాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మీరు అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే చాలాసార్లు విండోస్ తనంతట తాను ఏమీ తీయదు. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసిపెట్టిన తీసివేత ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది, అంతే. ఆ ప్రోగ్రామ్ సాధారణంగా ఇన్‌స్టాల్ చేసిన రోజు తాను పెట్టినవాటి జాబితా చూసుకుని వాటినే తీస్తుంది. ఆ తర్వాత వాడకంలో పుట్టిన సెట్టింగులు, లాగ్ ఫైళ్లు, డేటా ఆ జాబితాలో ఉండవు. ఆ క్షణంలో వాడకంలో ఉన్న ఫైళ్లను తీయలేదు కాబట్టి ‘ఈసారి రీస్టార్ట్‌లో తీయి’ అని విండోస్‌కు చీటీ రాసిపెట్టి వెళుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ చీటీ కూడా సగమే రాసి ఉంటుంది. మీ యాంటీవైరస్‌కు జరిగింది ఇదే అయి ఉండాలి.

ఏదీ ముట్టుకోకముందు రెండు పనులు. మొదటిది టాలీ డేటా కాపీ. టాలీప్రైమ్ డేటా మామూలుగా సి డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, టాలీప్రైమ్, డేటా అన్న వరుసలో ఉంటుంది. పాత ఈఆర్‌పీ 9 డేటా పబ్లిక్ కింద ఉండొచ్చు, నేరుగా సి డ్రైవ్‌లో టాలీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనూ ఉండొచ్చు. తేల్చుకోవడానికి పాత టాలీ ఫోల్డర్‌లో మిగిలిన ‘టాలీ డాట్ ఐఎన్ఐ’ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అందులో ‘డేటా’ అని మొదలయ్యే వరుసలో దారి మొత్తం రాసి ఉంటుంది. అక్కడికి వెళితే 10000, 10001 లాంటి అంకెల ఫోల్డర్లు కనబడతాయి. ఒక్కో అంకె ఒక్కో కంపెనీ. లోపల 900 అన్న ఎక్స్‌టెన్షన్‌తో ఫైళ్లుంటే అది ఈఆర్‌పీ 9 నాటి డేటా, లేదా టాలీప్రైమ్ తొలి వెర్షన్ల నాటిది. చాలామంది ‘టాలీ తీసేశాం కదా, ఈ అంకెల ఫోల్డర్లెందుకు’ అని డిలీట్ చేసేది సరిగ్గా వీటినే. మొత్తం డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్‌డ్రైవ్ సిస్టమ్ నుంచి తీసి పక్కన పెట్టండి. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను, ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. పాత సంవత్సరాల డేటా టాలీప్రైమ్‌లో తెరుచుకుంటోందని, నిల్వలు సరిపోయాయని నాన్నగారు కళ్లారా చూసేదాకా ఆ ఫోల్డర్ మిగులు కాదు, ఆస్తి.

రెండోది రిస్టోర్ పాయింట్, అంటే ఏదైనా చెడితే సిస్టమ్‌ను ఇప్పటి స్థితికి వెనక్కి తెచ్చుకునే గుర్తు. స్టార్ట్ దగ్గర ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని వెతికి తెరవండి. క్రియేట్ బటన్ మసగ్గా ఉంటే సి డ్రైవ్‌ను ఎంచుకుని, కాన్ఫిగర్‌లోకి వెళ్లి ప్రొటెక్షన్ ఆన్ చేసి, 5 శాతం చోటివ్వండి. చాలా సిస్టముల్లో అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఒకప్పుడు విండోస్ రిజిస్ట్రీని తనే పక్కన కాపీ పెట్టుకునేది. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ అలవాటు ఆగిపోయింది. అందుకే ఈ మెట్టు దాటవేయకండి. రిస్టోర్ పాయింట్ సిస్టమ్‌ను వెనక్కి తెస్తుంది గానీ డిలీట్ అయిన డాక్యుమెంట్లను తేదు. టాలీ కాపీ విడిగా తీయమన్నది అందుకే.

ఇప్పుడు రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సరిపోదు. ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అప్పుడు విండోస్ తన కెర్నల్‌ను (మూల భాగాన్ని), డ్రైవర్లను ఉన్నవున్నట్టే డిస్కులో దాచుకుని, మర్నాడు అవే బయటికి తీస్తుంది. అంటే పాత యాంటీవైరస్ డ్రైవర్ రోజూ షట్‌డౌన్ చేస్తున్నా దిగిపోకుండా కూర్చుని ఉంటుంది. రీస్టార్ట్ ఒక్కటే అన్నిటినీ దించి మొదట్నుంచి లోడ్ చేస్తుంది, పైన చెప్పిన చీటీలోని పనులు కూడా అప్పుడే జరుగుతాయి. సగం ‘పోని’ సాఫ్ట్‌వేర్లు ఇక్కడే పోతాయి.

తర్వాత యాంటీవైరస్ సంగతి. మిగతావన్నీ దీని తర్వాతే, ఎందుకంటే ఇదొక్కటే మిమ్మల్ని రక్షణ లేకుండా వదిలేసింది. వేరే యాంటీవైరస్ తన పేరు నమోదు చేసుకుని ఉంటే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ఆ పేరు ఇంకా ఉందేమో చూడటానికి విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ ప్రొవైడర్స్’ నొక్కండి. అక్కడ యాంటీవైరస్ కింద పాత పేరు కనబడితే కారణం దొరికినట్టే.

దాని ఫోల్డర్‌ను చేత్తో డిలీట్ చేయబోకండి. చేయబోతే ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది. అప్పుడు కొందరు ఓనర్‌షిప్ మార్చి మరీ పీకేస్తారు. అడ్డు చెబుతోందంటే దాని ఆత్మరక్షణ డ్రైవర్ ఇంకా బతికే ఉందని చాలాసార్లు అర్థం. సాఫ్ట్‌వేర్ ఇంకా పూర్తిగా పోలేదు, అంతే. యాంటీవైరస్ కంపెనీలు చాలావరకు విడిగా ఒక రిమూవల్ టూల్ ఇస్తాయి: మెకాఫీకి ఎంసీపీఆర్, అవాస్ట్‌కు అవాస్ట్ క్లియర్, క్యాస్పర్‌స్కీకి కేఏవీ రిమూవర్, అలాగే నార్టన్‌కు, ఈసెట్‌కు వాటివి. మీది ఏ కంపెనీదైతే ఆ కంపెనీ సొంత సైట్ నుంచే దించుకోండి. వేరే డౌన్‌లోడ్ సైట్లలో అదే పేరుతో వేరే సరుకు అంటగడతారు. టూల్ దొరక్కపోతే ఇంకో మంచి దారి ఉంది: అదే వెర్షన్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, ఈసారి పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయడం. వింతగా అనిపించినా, చెడిపోయిన జాబితా మళ్లీ రాయబడుతుంది కాబట్టి తీసివేత శుభ్రంగా జరుగుతుంది. యాంటీవైరస్‌కే కాదు, సగంలో ఆగిన ఏ అన్‌ఇన్‌స్టాల్‌కైనా ముందు ఇదే ప్రయత్నించాలి. ఈసారి సిస్టమ్ యూపీఎస్ మీద ఉండేట్టు చూసుకోండి.

రిమూవల్ టూల్ సేఫ్ మోడ్ (అత్యవసరమైనవి మాత్రమే లోడ్ అయ్యే స్థితి) అడిగితే, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, మళ్లీ రీస్టార్ట్, ఆపైన 4 నొక్కాలి. దీనికి ముందు రెండు జాగ్రత్తలు. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, కాబట్టి అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండే ఆ 48 అంకెల కీని ముందే కాగితం మీద రాసుకోండి. ఇంకో మాట, మామూలు సాఫ్ట్‌వేర్లు తీయడానికి సేఫ్ మోడ్‌లోకి వెళ్లకండి. విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు అక్కడ నడవదు, ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది.

టూల్ పని అయ్యాక నిజంగా పోయిందో లేదో చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’గా తెరిచి ఎఫ్, ఎల్, టీ, ఎం, సీ అనే అయిదు అక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైళ్లు తెరుచుకునే దారిలో కాపలా కూర్చున్న ఫిల్టర్ డ్రైవర్ల పేర్లు వస్తాయి. డబ్ల్యూడీఫిల్టర్ అన్నది డిఫెండర్‌ది, అది ఉండాలి. ఫైల్‌ఇన్ఫో, లూఏఎఫ్‌వీ, డబ్ల్యూఓఎఫ్, క్లౌడ్ ఫిల్టర్, బైండ్ ఫిల్టర్ విండోస్‌వే. పాత యాంటీవైరస్ పేరును తలపించే ముక్క ఏదైనా కనబడితే రిమూవల్ టూల్ మళ్లీ నడపండి.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. ఆ డ్రైవర్ ఫైల్‌ను సిస్టమ్32 లోపలి డ్రైవర్స్ ఫోల్డర్‌లోంచి నేరుగా డిలీట్ చేయకండి. కొన్ని డ్రైవర్లు కీబోర్డుకో డిస్కుకో ‘అప్పర్ ఫిల్టర్స్’, ‘లోయర్ ఫిల్టర్స్’ అన్న పేర్లతో రిజిస్ట్రీలో కట్టేసి ఉంటాయి. ఫైల్ పోయి ఆ కట్టు మిగిలితే విండోస్ ఆ పరికరాన్నే లోడ్ చేయలేదు. సీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్ తీసేశాక డీవీడీ డ్రైవ్ మాయమయ్యేది ఇందువల్లే. అదే కట్టు డిస్కుకు ఉంటే సిస్టమ్ బూట్ కాదు. షాపువాళ్లు ఫార్మాట్ తప్ప దారి లేదనే పరిస్థితి ఇలాగే వస్తుంది.

ఇక ఆన్ చేయగానే వచ్చే రన్‌డీఎల్‌ఎల్ బాక్స్. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి, అందులో ఒక ఫైల్ దారి, ఆ ఫైల్ దొరకలేదన్న మాట ఉంటాయి. రన్‌డీఎల్‌ఎల్32 అన్నది విండోస్ సొంత పనిముట్టు, వైరస్ కాదు, దాన్ని తీయకూడదు. ‘ఫలానా డీఎల్‌ఎల్‌ను (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైల్‌ను) నడుపు’ అని దానికి ఏదో పాత సాఫ్ట్‌వేర్ పని అప్పగించి పోయింది. ఫైల్ పోయింది, అప్పగింత మిగిలింది. కాబట్టి పోయిన డీఎల్‌ఎల్‌ను నెట్‌లో వెతికి తెచ్చి పెట్టడం తప్పు వైద్యం. డీఎల్‌ఎల్‌లు ఉచితంగా ఇస్తామనే సైట్ల జోలికే వెళ్లొద్దు. మనం తీయాల్సింది ఆ అప్పగింతను.

స్టార్టప్ లిస్టులోని ‘ప్రోగ్రామ్’ కూడా ఇలాంటిదే. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ తెరిచి, పై వరుసలోని హెడ్డింగుల మీద రైట్ క్లిక్ చేసి, ‘కమాండ్ లైన్’ అన్నదానికి టిక్ పెట్టండి. ఇప్పుడా ఎంట్రీ పక్కన పూర్తి దారి కనబడుతుంది. దారి ‘ప్రోగ్రామ్ ఫైల్స్’తో మొదలై, చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోయి ఉంటాయి. అసలు ఫైల్ ఇక లేదు కాబట్టి విండోస్ ఆ దారిని మొదటి ఖాళీ దగ్గరే తెంపి, ‘ప్రోగ్రామ్’ అన్న ముక్కనే పేరు అనుకుంటోంది. అది ఏ సాఫ్ట్‌వేర్ తాలూకో ఆ దారిలోనే చదువుకోవచ్చు.

ఈ రెండిటినీ తీయడానికి నేను సిఫారసు చేసే పనిముట్టు ఆటోరన్స్. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ పేజీలో ఉచితంగా దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేయాల్సిన పని కూడా లేదు. జిప్ విప్పి, 64 అన్న అంకె ఉన్న ఆటోరన్స్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. స్కాన్ పూర్తయ్యేదాకా ఆగండి. ముందుగా ఫైల్ మెనూలో సేవ్ కొట్టి ఇప్పటి స్థితిని దాచండి. ఆప్షన్స్‌లో ‘హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్’ పెట్టండి, గందరగోళం చాలా తగ్గుతుంది. పసుపు రంగు వరుసలంటే ఆ ఎంట్రీ చూపించే ఫైల్ డిస్కులో లేదని. గులాబీ రంగువి ప్రచురణకర్త ఎవరో తేలనివి. గులాబీ అంటే చెడ్డదని కాదు, మన దగ్గర వాడే చిన్న కంపెనీల సాఫ్ట్‌వేర్లకు చాలాసార్లు ఆ రంగే వస్తుంది. పైన ఉన్న ఫిల్టర్ గడిలో మీరు ఫొటో తీసిన డీఎల్‌ఎల్ పేరు కొట్టండి. లాగాన్ కింద గానీ, షెడ్యూల్డ్ టాస్క్స్ కింద గానీ దొరుకుతుంది.

దొరగ్గానే డిలీట్ నొక్కకండి. ఎడమ పక్క టిక్ తీసేయండి చాలు. టిక్ తీస్తే ఎంట్రీ నిద్రపోతుంది, మళ్లీ పెడితే లేస్తుంది. రెండు మూడు రోజులు ప్రింటింగ్, టాలీ, జీఎస్టీ పనులన్నీ మామూలుగా చేసుకుని, ఏదీ ఆగలేదని చూశాక డిలీట్ చేయండి. డ్రైవర్స్ ట్యాబ్‌లో మాత్రం పసుపు కనబడినా తొందరపడొద్దు. పైన చెప్పిన అప్పర్, లోయర్ ఫిల్టర్ల కథ అక్కడ కూడా వర్తిస్తుంది.

సర్వీసు మిగిలిపోతే ఆటోరన్స్‌లోనే తీయొచ్చు. కమాండ్‌తో తీసేవాళ్లకు ఒక హెచ్చరిక. ‘ఎస్‌సీ డిలీట్’ అని కొట్టి సర్వీసు పేరు రాయమని అన్నిచోట్లా రాసి ఉంటుంది. విండోస్ 11లో టెర్మినల్ తెరిస్తే మామూలుగా వచ్చేది పవర్‌షెల్. విండోస్‌తో వచ్చే ఆ పవర్‌షెల్‌లో ఎస్‌సీ అంటే ‘ఫైల్‌లో రాయి’ అనే వేరే ఆదేశానికి పొట్టిపేరు. అక్కడ మీరా కమాండ్ కొడితే ఎర్రర్ రాదు, సర్వీసూ పోదు. మీరున్న ఫోల్డర్‌లో ‘డిలీట్’ అనే పేరుతో ఒక ఫైల్ పుట్టి, అందులో సర్వీసు పేరు రాసి ఉంటుంది. చాలామంది సర్వీసు పోయిందనే అనుకుని లేచిపోతారు. పాత కమాండ్ ప్రాంప్ట్ తెరవండి, లేదా ఎస్‌సీ తర్వాత డాట్ ఈఎక్స్‌ఈ చేర్చండి. ఇవ్వాల్సింది సర్వీసెస్ జాబితాలో కనబడే పొడుగాటి పేరు కాదు. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే పై వరుసలో ‘సర్వీస్ నేమ్’ అని ఉండే పొట్టిపేరు ఇవ్వాలి. అక్కడే కింద ఫైల్ దారి కూడా ఉంటుంది. ఆ దారిలో ‘ఎస్‌వీసీహోస్ట్’ ఉంటే ముట్టుకోకండి. అది చాలా సర్వీసులు పంచుకునే విండోస్ సొంత ఫైల్. ‘మార్క్‌డ్ ఫర్ డిలీషన్’ అని 1072 ఎర్రర్ వస్తే సర్వీసెస్ విండో, టాస్క్ మేనేజర్ మూసేయండి. వాటిలో ఏదో ఆ సర్వీసును పట్టుకుని ఉంటుంది. అప్పటికీ పోకపోతే రీస్టార్ట్.

ప్రింటర్‌కు రెండు మెట్లు. ముందు సెట్టింగ్స్‌లో పాత ప్రింటర్‌ను రిమూవ్ చేయండి. తర్వాత అదే ప్రింటర్ల పేజీ కింద ‘ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్’ తెరిచి, డ్రైవర్స్ ట్యాబ్‌లో పాత పేరు ఎంచుకుని, ‘రిమూవ్ డ్రైవర్ అండ్ డ్రైవర్ ప్యాకేజ్’ అడగండి. రెండో మెట్టు చేయకపోతే కొత్త ప్రింటర్ పెట్టినా విండోస్ ఒక్కోసారి పాత డ్రైవర్‌నే వెతికి తగిలిస్తుంది. ‘డ్రైవర్ వాడకంలో ఉంది’ అంటే సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను (ప్రింట్లను వరుసలో పెట్టి పంపే సర్వీసును) రీస్టార్ట్ చేసి, వెంటనే, దేనికీ ప్రింట్ ఇవ్వకముందే మళ్లీ తీయండి. స్పూలర్ ఆ డ్రైవర్‌ను మెమరీలోకి ఎక్కించుకునే లోపు మనం తీసేయాలి. క్యూలో ఎప్పటిదో ప్రింట్ ఇరుక్కుని ఉంటే స్పూలర్ ఆపి, సిస్టమ్32 లోపల స్పూల్, దాని లోపల ప్రింటర్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లు తీసేసి, స్పూలర్ మళ్లీ మొదలెట్టండి. ఫోల్డర్‌ను కాదు, లోపలి ఫైళ్లనే.

వీపీఎన్ తరచుగా మిగిల్చేవి రెండు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ప్రాక్సీ పేజీ చూడండి. ‘యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్’ ఆన్‌లో ఉండి 127.0.0.1 అని ఉంటే ఆఫ్ చేయండి. వైఫై కనెక్ట్ అయి ఉన్నా బ్రౌజర్‌లో ఏదీ తెరుచుకోకపోవడానికి ఇది తరచూ కారణం. రెండోది డివైస్ మేనేజర్. వ్యూ మెనూలో ‘షో హిడెన్ డివైసెస్’ పెట్టి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఆ వీపీఎన్ పేరుతోనో, టాప్ (TAP) అన్న పేరుతోనో ఉన్నది అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ‘వాన్ మినీపోర్ట్’ అని వరసగా ఉండేవి విండోస్‌వి, వాటి జోలి వద్దు.

అను స్క్రిప్ట్ విషయంలో నా సలహా మిగతావాటికి భిన్నంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తీసేశాక దాని ఫాంట్లు మిగిలిపోయి ఉంటే ఉండనివ్వండి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. వాటితో టైప్ చేసిన పాత ఫైల్‌లో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఆ ఫాంట్ తొడిగితేనే తెలుగులా కనబడే వేరే గుర్తులు. ఫాంట్ పోతే పెళ్లి కార్డులు, కరపత్రాలు, పేజ్‌మేకర్‌లో చేసినవన్నీ పిచ్చిగీతలైపోతాయి. విండోస్‌లోని నిర్మల యూఐ, గౌతమి యూనికోడ్ ఫాంట్లు, అవి ఆ లోటు తీర్చలేవు. పాత ఫైళ్లు ఒక్కటి ఉన్నా ఫాంట్లను ఒక ఫోల్డర్‌లో కాపీ పెట్టుకోండి. విజయవాడ, గుంటూరు ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఈ ఫాంట్ల ఫైళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. అవతలివాళ్లు పంపింది మీరు తెరవాల్సిన రోజు రావచ్చు. స్టార్టప్‌లో దాని కీబోర్డ్ ప్రోగ్రామ్ ఎంట్రీ ఏదైనా మిగిలితే మాత్రం ఆటోరన్స్‌లో టిక్ తీసేయండి.

ఇవన్నీ అయ్యాకే పడున్న ఫోల్డర్ల దగ్గరికి రావాలి. చూడాల్సినవి: రెండు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లు, దాగి ఉండే ప్రోగ్రామ్‌డేటా, మీ యూజర్ పేరు కింది యాప్‌డేటాలో లోకల్ (Local), లోకల్‌లో (LocalLow), రోమింగ్ (Roaming) అన్న మూడు ఫోల్డర్లు. విండోస్ కీతో ఆర్ నొక్కి, యాప్‌డేటా అన్న పేరుకు ముందూ వెనకా పర్సెంట్ గుర్తులు పెట్టి కొడితే నేరుగా రోమింగ్‌కు వెళతారు. తీసేసిన సాఫ్ట్‌వేర్ పేరుతోనో దాని కంపెనీ పేరుతోనో ఉన్న ఫోల్డర్ కనబడితే డిలీట్ చేయకుండా పేరు చివర ‘పాతది’ అని చేర్చండి. పేరు మారనివ్వకపోతే దాంట్లోంచి ఏదో ఇంకా నడుస్తోందన్నమాట, అది కూడా ఒక పరీక్షే. పేరు మారి, నెల రోజులు ఎవరూ అడగకపోతే అప్పుడు తీసేయండి. కంపెనీ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల మీరు ఇంకా వాడే వేరే సాఫ్ట్‌వేర్ ఉండొచ్చు, కాబట్టి తెరిచి చూడకుండా పేరు మార్చొద్దు.

ఎంత పెద్దగా ఉన్నా ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. విండోస్ ఫోల్డర్ లోపల దాగి ఉండే ‘ఇన్‌స్టాలర్’ ఒకటి. పాత సెటప్ ఫైళ్లలా కనబడి గిగాబైట్లు తింటుంది. కానీ ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్లను రిపేర్ చేయాలన్నా, అప్‌డేట్ చేయాలన్నా, తీయాలన్నా విండోస్ ఆ ఫైళ్లనే వెతుకుతుంది. అవి లేకపోతే ఆ మూడూ ఆగిపోతాయి. ప్రోగ్రామ్‌డేటాలోని ‘ప్యాకేజ్ కాష్’, విండోస్‌లోని ‘విన్‌ఎస్ఎక్స్ఎస్’, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ‘కామన్ ఫైల్స్’ కూడా అంతే. యాప్‌ల జాబితాలో ‘విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్’ అని అయిదారు సార్లు కనబడితే అవి నకళ్లు కావు. ఒక్కో సంవత్సరం వెర్షన్‌ను ఒక్కో సాఫ్ట్‌వేర్ వాడుకుంటుంది. అలాగే ఈపాస్, ప్రాక్స్‌కీ లాంటి తెలియని పేర్లుంటే నాన్నగారినో ఆడిటర్‌గారినో అడిగి చూడండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ల సాఫ్ట్‌వేర్లు అవి. అవి పోతే రిటర్న్ వేసే రోజు సంతకం కాదు.

సాఫ్ట్‌వేర్ పోయినా కంట్రోల్ ప్యానెల్ జాబితాలో పేరు మిగిలిపోతే, దాని మీదే అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. ఫైల్ లేదని తేలితే, జాబితా నుంచి తీసేయమంటారా అని చాలాసార్లు విండోసే అడుగుతుంది. అడగకపోతే రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ వరుసలో ఆ పేరున్న ఒక్క కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి ఆపైన తీయాలి. 32 బిట్ సాఫ్ట్‌వేర్లయితే ఇదే వరుస ‘వావ్6432నోడ్’ కింద ఉంటుంది. రిజిస్ట్రీలో మీరు చేత్తో చేయాల్సింది ఈ మాత్రమే.

రిజిస్ట్రీ క్లీనర్ ఎందుకొద్దంటున్నానంటే: అది ‘1,200 లోపాలు దొరికాయి’ అని భయపెడుతుంది. ఒక్కో రాత కొన్ని వందల బైట్లు. అన్నీ కలిపినా ఫోన్‌లో తీసిన ఒక ఫొటో అంత కూడా కాదు. విండోస్ రిజిస్ట్రీని మొదట్నుంచి చివరిదాకా చదవదు, కావలసిన కీకి నేరుగా వెళుతుంది. ఎవరూ అడగని కీ వల్ల వేగం తగ్గదు. లాభం ఇంత చిన్నది, తప్పు కీ ఒక్కటి పోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఇలాంటి క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ తన విధానంగానే చెప్పింది. పేరున్న సీక్లీనర్‌లోనే 2017లో 5.33 వెర్షన్‌లోకి దుండగులు మాల్‌వేర్ చొప్పించారు, కంపెనీ లెక్క ప్రకారమే దాదాపు 22.7 లక్షల సిస్టముల్లోకి అది వెళ్లింది.

ఇకముందు ఏదైనా తీసేటప్పుడు రెవో అన్‌ఇన్‌స్టాలర్ గానీ, ఓపెన్ సోర్స్ అయిన బల్క్ క్రాప్ అన్‌ఇన్‌స్టాలర్ గానీ వాడొచ్చు. అవి అసలు అన్‌ఇన్‌స్టాలర్‌ను నడిపి, తర్వాత మిగిలినవి వెతికి చూపిస్తాయి. రెవోలో ‘మోడరేట్’ దాటి వెళ్లకండి, రిజిస్ట్రీ జాబితాలో బోల్డ్‌గా ఉన్నవే మిగులు. మామూలు అక్షరాల్లో ఉన్నవి దారి చూపడానికి వేసిన పై కొమ్మలు. ‘సెలెక్ట్ ఆల్’ కొట్టే ముందు జాబితా ఒకసారి చదవండి, అందులో టాలీ డేటా ఫోల్డర్ ఉండొచ్చు.

ఫార్మాట్ నిజంగా అవసరమయ్యే సందర్భాలూ ఉన్నాయి. రిమూవల్ టూల్ రెండుసార్లు నడిపినా డిఫెండర్ లేవకపోతే, తీసేసిన స్టార్టప్ ఎంట్రీలు వాటంతట అవే తిరిగొస్తుంటే, లేదా బ్రౌజర్‌లో మీరు పెట్టని ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ కనబడి పోకపోతే అది మిగులు కాదు, చొరబాటు కావచ్చు. అప్పుడు ఫార్మాటే సరి. ‘కీప్ మై ఫైల్స్’ పెట్టి రీసెట్ చేసినా సి డ్రైవ్‌లో నేరుగా ఉన్న టాలీ ఫోల్డర్ దక్కుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. సిస్టమ్ షాపుకు ఇచ్చే ముందు డేటా కాపీని ఇంకో సిస్టమ్‌లో తెరిచి చూసుకోండి, టాలీ లైసెన్స్ సరెండర్ చేయండి, టోకెన్ డ్రైవర్ సెటప్, అను ఫాంట్లు, బిట్‌లాకర్ కీ ఇంట్లో ఉంచుకోండి. అదే పాత హార్డ్‌డిస్కును పక్కన పెట్టి కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్ వేయించుకోగలిగితే ఇంకా మంచిది. ఏదైనా మర్చిపోయినా పాత డిస్కులో అలాగే ఉంటుంది.